గడియారం చూసి వచ్చే ఉప్పు

ఉదయం ఆరున్నరకి తెప్పలపేట వేలం పాకలో గోడంత తెర, తెల్లవారుజాము నుంచీ వెలుగుతూనే ఉంది. వేట నిషేధం నడుస్తున్న రోజులవి. వేలం లేదు, పాట లేదు, బుట్టెడు చేప లేదు. అయినా పాక నిండా జనమే. వలలు ఒళ్ళో వేసుకుని, తెగిన చోట ముడులు వేసుకుంటూ, తెర మీద నీడల్ని చూసి కబుర్లాడుకోవడం ఆ రెండు నెలలూ ఊరికి అలవాటు.

తెర మీద రేవు కనబడుతోంది. పడవలు పడవల్లాగే ఉన్నాయి, కుక్కలు కుక్కల్లాగే ఉన్నాయి. మనుషులు మాత్రం బూడిదరంగు నీడలు. మొహం లేదు, బట్ట రంగు లేదు, ఆడా మగా తెలియదు. ‘చూపు’ అనే సాఫ్ట్‌వేర్ చేసే మొదటి పని అదే. కెమెరా ముందుకి మనిషి రాగానే నీడగా మార్చేస్తుంది. అసలు మొహం లోపలే తాళం పడిపోతుంది. ఆ తాళం తియ్యాలంటే ఊళ్ళో ఐదిళ్ళ దగ్గరున్న ఐదు తాళపుచెవులూ ఒకేసారి తిరగాలి. దానికి తెరతీత అని పేరు. తెరతీత జరిగితే ఎవరు చూశారు, ఎవరిని చూశారు, ఎందుకు చూశారు అన్న మూడు సంగతులూ పాక బయట ఉన్న చూపుబల్ల మీద పెద్ద అక్షరాలతో పడతాయి. చూసినవాడు కూడా ఊరికి కనబడాల్సిందే.

“అదిగో, కుడికాలు ఈడుస్తన్నాడు సూడు. మన లచ్చయ్యే.”

“ఆ ఎనకాల ఊగుకుంటా వస్తన్నది ఎవులే? సత్తెమ్మ కాదూ?”

“నీడైతే ఏటి, నడక దాగుద్దా?” అంటూ అందరికంటే గట్టిగా నవ్వాడు నూకరాజు. ఊళ్ళో అంత ఎత్తయిన మనిషి, అంత గొంతున్న మనిషి మరొకడు లేడు. ఎగతాళి మొదలెడితే ఎదుటివాడు పాక దిగి పారిపోవలసిందే.

ఆ నవ్వుల మధ్య ఓ మూల పలక లాంటి చిన్న కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది గనగళ్ళ వారుణి. పదిహేడేళ్ళ పిల్ల. ఊరి బడిలోనే పన్నెండో తరగతి అయింది. ఏడాదిగా ‘చూపు’కి ఆమే సంరక్షకురాలు. ఎవరు ఏ మార్పు పంపినా చదివి, సరైనదైతే చేర్చడం, కాకపోతే వెనక్కి పంపడం ఆమె పని. వేళ్ళతో ఎంత వేగంగా పని చేస్తుందో, నోటితో అంత నెమ్మది. నలుగురి ముందు మాట్లాడమంటే మాట గొంతులో చేపముల్లులా అడ్డంపడేది.

ఆ రోజు ఆ ముల్లు పొద్దున్నుంచే గుచ్చుకుంటోంది. పది గంటలకి హైదరాబాదు నుంచి ‘చూపు’ని పరీక్ష చేసే డాక్టరుగారు వస్తున్నారు.

‘చూపు’ ఎవరో తెచ్చి ఇచ్చింది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట రేవులో ఒక కంపెనీ కెమెరాలు పెట్టింది. లోపల ఏముందో ఎవరికీ చెప్పని మూతపెట్టెలు అవి. తల మీద చేపల గంప పెట్టుకుని నడిచే ప్రతి ఆడమనిషినీ ఆ పెట్టెలు ‘ముసుగు మనిషి’ అని రాసుకుని పోలీసులకి కబురు పెట్టేవి. గంపకీ ముసుగుకీ తేడా నేర్పండి బాబూ అని ఊరు ఉత్తరం రాస్తే, కోడ్ మా సొత్తు, మీకు చూపించం, మార్చం అని జవాబొచ్చింది. పదకొండు నెలల్లో నలభైమంది ఆడవాళ్ళు స్టేషనుకి వెళ్ళివచ్చారు. అప్పుడు ముప్పై ఆరేళ్ళ దానమ్మ, ఎండుచేపల సంఘంలో లెక్క రాసే మనిషి, మరో ఏడుగురు ఆడవాళ్ళని కూడగట్టి, ప్రపంచంలో ఎవరైనా చదివి వాడుకోవచ్చని వదిలేసిన ఓపెన్ సోర్స్ కోడ్‌లు ఏరి తెచ్చి, కొత్తది కుట్టింది. వాళ్ళ కెమెరా నేర్చుకున్న మొట్టమొదటి వస్తువు గంప.

కోడ్ తెరిచే ఉంచారు. తెరిచిన మూలం అన్నారు దాన్ని. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా తప్పు పట్టచ్చు. బాగుచేసే పద్ధతి మాత్రం ఊరిదే. వేట నిషేధం రోజుల్లో వలల్లాగే కోడ్‌నీ పరుస్తారు. చిరుగు ఎవరి చేతికి తగిలితే వాళ్ళే ముడి వెయ్యాలి, వల ఎవరిదని అడగకూడదు. ఇప్పుడు కేరళ రేవులవాళ్ళు, ఒడిశావాళ్ళు కూడా ముడులు వేసి పంపుతున్నారు. ఈరోజు పరీక్షలో నెగ్గితే ‘చూపు’ దేశంలోని తొమ్మిదివందల రేవులకి ప్రమాణం అవుతుంది. ఓడితే, కొత్త చట్టం ప్రకారం పరీక్ష నెగ్గిన ముద్ర లేని కెమెరా నడపకూడదు కాబట్టి, తెప్పలపేటకే మళ్ళీ మూతపెట్టెలు వస్తాయి.

వారుణి భయం పరీక్షంటే కాదు. ఆ కోడ్‌లో ఆమె రాసిన అబద్ధం ఒకటుంది.

సముద్రం పక్కన కెమెరాకి ఉప్పు పెద్ద శత్రువు. నీటితుంపర అద్దం మీద ఎండి మరకవుతుంది. మరకని చూసి కెమెరా కంగారుపడి గంట కొడుతుంది. అందుకని ‘ఉప్పుమరక’ అనే సౌకర్యం పెట్టారు. ఫలానా కెమెరాలో ఫలానా మూల మరక ఉందని ఎవరైనా గుర్తుపెడితే, అద్దం తుడిచేదాకా ఆ మూలని తెర మసకగా వదిలేస్తుంది. రోజుకి పదో పాతికో మరకలు పడుతుంటాయి, పోతుంటాయి. సంరక్షకురాలి దాకా రాని ఆ జాబితా ఎవరూ చదవరు.

మూడు నెలల కిందట ఒకరోజు పొద్దున్న వారుణి పదిహేడో కెమెరా సరిచేస్తూ ఒక నీడని చూసింది. పడవల వెనక, ఎవరూ రాని చోట, ఎత్తయిన నీడ ఒకటి నీళ్ళలోకి మోకాలి దాకా దిగింది. నిలువెల్లా వణికింది. గభాలున వెనక్కి వచ్చి ఇసుకలో కూలబడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ ఎత్తు ఊళ్ళో ఒక్కడికే ఉంది. పోయిన తుఫానులో పడవ బోల్తాపడి పదమూడు గంటలు నీళ్ళలో ఉండి బతికివచ్చిన నూకరాజు. ఇంజన్ బాగాలేదు, నడుం బాగాలేదు అంటూ ఆ తర్వాత ఒక్కసారి కూడా వేటకి వెళ్ళని నూకరాజు. సముద్రమంటే భయపడుతున్న బెస్తవాడు. ఆ మాట పాకలో పడితే ఆ మనిషి ఇక తల ఎత్తగలడా? వారుణి ఇంకేమీ ఆలోచించలేదు. పదిహేడో కెమెరా, ఎడమ మూల, ప్రతిరోజూ ఉదయం ఆరు నుంచి ఆరూ ఇరవై వరకు, కారణం ఉప్పుమరక అని రాసింది.

ఇప్పుడు చెరిపేద్దామన్నా కుదరదు. తెరిచిన మూలంలో రాసింది చెరపవచ్చు గానీ, ఎవరు రాశారో, ఎవరు చెరిపారో చరిత్రలో ఉండిపోతుంది.

పరీక్షకి ఇంకా గంట ఉందనగా ఆమె దానమ్మ దగ్గరికి వెళ్ళింది. అరవైనాలుగేళ్ళ దానమ్మ ఎండలో గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది.

“మామ్మా, నేనొక తప్పు చేశాను.”

“సేసుంటావు. వొయసు అలాటిది.”

“అది కాదు మామ్మా! కోడ్‌లో. ఒకరి కోసం ఒక లైను…”

“గుంటా,” దానమ్మ కన్ను చికిలించింది, “నాను ఆ కోడ్ ముట్టుకుని పదేళ్ళయింది. నాకేటి తెల్దు. నువ్వు బేగి ఎల్లి మొగం కడుక్కో. డాట్రమ్మ వచ్చీసరికి ఏడుపు మొగం ఏటది?”

పది కొట్టేసరికి డాక్టర్ యశస్విని కారు దిగింది. అనంతపురం వైపు మనిషి, యాభై దాటిన వయసు. ఇస్త్రీ మడత చెదరని బూడిదరంగు చీర, నవ్వడం మరిచిపోయినట్టుండే మొహం. చేతిలో టిఫిన్ కారియరంత యంత్రం. దాని పేరు శోధిని. నాలుగు లక్షల లైన్ల కోడ్‌ని ఒక పూటలో చదివి, ప్రతి లైనూ ఎందుకుందో అడిగే యంత్రం అది.

“అందరికీ నమస్కారములు,” అంది శోధిని. “పరీక్ష ప్రారంభించుటకు అనుమతి కోరుచున్నాను.”

“ఓర్నాయనో, హరికథ మొదలెట్టీసింది!” అన్నాడు నూకరాజు. పాకంతా గొల్లుమంది. డాక్టరు మొహం కదల్లేదు.

మొదటి రెండు గంటలూ వారుణికి గర్వంగానే గడిచాయి. శోధిని అడుగుతోంది, ఊరు జవాబు చెబుతోంది. మొహాలకు తాళం వేసే భాగం ఎవరు రాశారంటే ఓ చేపల అమ్మకందారు లేచింది. చీకట్లో పడవని గుర్తుపట్టే భాగం ఎవరిదంటే వల ఒళ్ళోంచి దింపకుండానే ఓ ముసలాయన చెయ్యెత్తాడు. “ఈ భాగములో నాకు దోషము కనబడలేదు,” అని యంత్రం అన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఈల వేస్తున్నారు. డాక్టరు కాగితం మీద టిక్కులు పెడుతూనే ఉంది.

పన్నెండు దాటాక శోధిని ఇంకో జాబితా తెరిచింది. తర్వాత అడిగింది.

“ఉప్పు గడియారం చూసుకుని వచ్చునా?”

“అంటే?” అంది డాక్టరు.

“సహజమైన ఉప్పుమరక గాలిని బట్టి పడును, తుడిచిన పోవును. కానీ ఈ జాబితాలో కొన్ని మరకలు ప్రతిరోజూ ఒకే నిమిషమున వచ్చి, ఒకే నిమిషమున పోవుచున్నవి. ఆయా సమయములలో ఆయా అద్దములు శుభ్రముగా ఉన్నవి. ఇవి మరకలు కావు. గుడ్డిచోట్లు.”

వారుణి ఒళ్ళోని పలక కింద పెట్టేసింది. అయిపోయింది. ఒక్క లైను. ఇరవై ఎనిమిదేళ్ళ ఊరి కష్టం తన ఒక్క లైనుతో నీళ్ళలో కలిసిపోయింది.

“ఎన్ని?” అంది డాక్టరు.

“నలభై మూడు.”

వారుణి తలెత్తింది. నలభై మూడా? ఆమె రాసింది ఒకటే కదా! పాకంతా చూసింది. ఎవరూ ఎవరివైపూ చూడటం లేదు. అందరికీ ఒక్కసారిగా తమ వలల్లో ఏవో చిరుగులు కనబడినట్టున్నాయి, తలలు వంచుకుని ముడులు వేస్తున్నారు.

డాక్టర్ యశస్విని కుర్చీలోంచి లేచింది. “నేను ఇంతవరకు ఇరవై రెండు వ్యవస్థల్ని పరీక్షించినాను. అన్నిట్లోనూ గుడ్డిచోట్లుండాయి. రాసినవాడి దొంగతనం కోసమో, రాయించినవాడి దొంగతనం కోసమో. మీది తెరిచిన కోడ్ కదా, ఇక్కడైనా ఉండవనుకున్యా.” ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినబడింది. “తెరతీత చెయ్యండి. మరక రాసినోళ్ళు ఆ మరక టైములో ఏం చేస్తాండారో చూడాల.”

ఐదిళ్ళవాళ్ళు తాళపుచెవులు తెచ్చి తిప్పారు. ‘చూసినవారు: డాక్టర్ యశస్విని. చూసింది: మరక రాసినవారిని. ఎందుకు: పరీక్ష కోసం’ అని చూపుబల్ల మీద అక్షరాలు పడ్డాయి. శోధిని చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ చాలాసేపు గడిచింది.

“నాకు అర్థం కాలేదు,” అంది చివరికి. “గుడ్డిచోటు వలన లాభము రాసినవారికే అని నాకు నేర్పించిరి. కానీ ఆ సమయములలో రాసినవారు ఒక్కరు కూడా ఆ చోట లేరు. కొందరు వంట చేయుచున్నారు. ఒకరు సముద్రములో ఉన్నారు. నలభై మూడింటిలో తనకోసం రాసుకున్నది ఒక్కటి కూడా లేదు.”

“అయితే ఎవురి కోసం?”

“అది నాకు కనబడదు. వరుసగా చదివెదను. ఒకటవ కెమెరా, వేపచెట్టు అరుగు, మధ్యాహ్నము రెండు నుంచి రెండున్నర. నాలుగవ కెమెరా, పాత పడవ చాటు, శనివారములు మాత్రమే. తొమ్మిదవ కెమెరా, ఐస్ ఫ్యాక్టరీ వెనక గోడ, సాయంత్రము ఐదున్నర నుంచి ఆరు. రాసినవారు, దానమ్మ…”

తర్వాతవి వారుణికి వినబడలేదు.

ఐస్ ఫ్యాక్టరీ వెనక గోడ. సాయంత్రం ఐదున్నర. సంరక్షకురాలి పని ఒప్పుకున్నప్పటి నుంచి ఆమె రోజూ వెళ్ళే చోటు అది. ఖాళీ గంపలు ఐదారు వరసగా నిలబెట్టి, అవే జనం అనుకుని, “సభకి నమస్కారం, నా పేరు వారుణి,” అంటూ మాట్లాడటం నేర్చుకునే చోటు. మొదటి వారం కెమెరాకి భయపడింది. తర్వాత ఆ మూల మసకబారింది. సముద్రం తన మీద దయ తలిచి ఉప్పు చల్లిందనుకుంది. అద్దం తుడవవలసిన మనిషి తనే అయినా, ఏడాదిగా ఆ ఒక్క అద్దం జోలికి మాత్రం పోలేదు.

ఆమె దానమ్మ వైపు చూసింది. కోడ్ ముట్టుకుని పదేళ్ళయిందన్న దానమ్మ పాక చూరు లెక్కపెడుతోంది.

మరి మిగతావాళ్ళు? ఆ లైను పడకముందు వారం రోజులు ఈ తెర మీద తన నీడ గంపలకి దండాలు పెట్టడం చూసే ఉంటారు. తడబడి నడిచినా ఎగతాళి చేసే ఊరు. తుమ్మినా పాట కట్టే ఊరు. ఏడాదిపాటు ఒక్కరు, నూకరాజుతో సహా ఒక్కరంటే ఒక్కరు, ఆ సంగతి ఎత్తలేదు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు వెనకే, దానికంటే పెద్దది, గుండెలో కెరటంలా మరేదో లేచింది.

“ఆఖరిది,” అంటోంది శోధిని. “పదిహేడవ కెమెరా, ఎడమ మూల, ఉదయం ఆరు నుంచి ఆరూ ఇరవై. రాసినవారు, సంరక్షకురాలు గనగళ్ళ వారుణి.”

డాక్టరు ఆమె వైపు తిరిగింది. “నువ్వేనా వారుణి? కారణం చెప్పని గుడ్డిచోటు ఒక్కటున్నా నేను సంతకం పెట్టేకి కాదు. అది నిబంధన. సంరక్షకురాలివి నువ్వే తప్పు రాసినావు. ఇది ఎవురి కోసం రాసినావో చెప్పు. మిగతావి తర్వాత చూస్తాం.”

రెండు వరసల అవతల నూకరాజు చేతిలో వల జారిపోయింది. అంత మనిషీ చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయాడు. తొమ్మిదివందల రేవులు ఒకవైపు, ఒక పేరు ఒకవైపు.

వారుణి లేచి నిలబడింది. ఎదురుగా గంపలు లేవు, నాలుగువందల మొహాలున్నాయి. గొంతులో ముల్లు అలాగే ఉంది. దాని పక్కనుంచే మాట బయటికి వచ్చింది.

“చెప్పను మేడం.”

“ఏమి?”

“పేరు చెప్పను. కారణం అడిగితే చెప్తాను. మా కెమెరా మనిషిని నీడ చేస్తాదండి. అది చాలని పుస్తకాల్లో రాస్తారు. కానీ మా ఊళ్ళో నీడని చూసినా ఎవరో తెలిసిపోద్ది. పుట్టినకాడ నుంచి ఒకరి నడక ఒకరం చూస్తన్నాం కదండీ. అందుకని ఒక మనిషికి రోజుకి ఇరవై నిమిషాలు ఎవరూ చూడకుండా ఉండాలనిపించింది. ఆ మనిషి అక్కడ దొంగతనం చెయ్యటం లేదు. తనతో తను పోట్లాడుకుంటన్నాడు. నేను చేసిన తప్పు ఒకటే, ఉప్పు అని అబద్ధం రాశాను. దానికి నన్ను తీసెయ్యండి. మా కోడ్ ఓడిపోయిందని రాసినా రాసుకోండి. పేరు మాత్రం నా నోటంట రాదు.”

“ఐస్ ఫ్యాక్టరీ ఎనకాల బాగానే నేర్సింది,” అని వెనకనుంచి ఎవరో గొణిగారు. “నోర్ముయ్యండెహె!” అని పదిమంది కసిరారు.

నూకరాజు పళ్ళు బిగించి లేవబోయాడు. “డాట్రమ్మా, అది…” దానమ్మ అతని భుజం మీది తువ్వాలు పట్టి కిందికి లాగింది.

“కూకో.”

“అది కాదప్పా, గుంట నా గురించి…”

“మాకు తెల్దనుకున్నావేటి? కూకోమంతన్నాను.”

నూకరాజు చుట్టూ చూశాడు. అటు పక్కవాడు ముడి వేస్తున్నాడు. ఇటు పక్కవాడు దారం పంటితో కొరుకుతున్నాడు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. అతను నెమ్మదిగా కూర్చుని, కింద పడ్డ వలని ఒళ్ళోకి లాక్కున్నాడు.

డాక్టర్ యశస్విని నిబంధనల పుస్తకం తెరిచింది. ఒక పేజీ చదివింది. మళ్ళీ చదివింది.

“ఇక్కడ కారణం అని రాసుంది,” అంది నెమ్మదిగా. “పేరు అని రాయలేదు. కారణం నిజమై ఉండాల, అంతే. అబద్ధముండే కోడ్‌కి నేను సంతకం పెట్టను. సాయంత్రం ఐదింటికి బయలుదేరాల. ఈలోపల నలభై మూడూ నిజం చెయ్యండి.”

“దొంగ ఆ ఇరవై నిమిషములలో వచ్చినచో?” అంది శోధిని.

ఆ ప్రశ్నతో పాక పాకంతా కోడ్ మీద పడింది. లోపలికి ఎంతమంది వెళ్ళారు, ఎంతమంది బయటికి వచ్చారు అన్నది అంచు దగ్గరే లెక్కపెడదాం, లోపల చూడొద్దు అన్నారొకరు. ఎవరైనా కేక వేస్తే మసక తొలగాలన్నారింకొకరు. నూకరాజు వల పక్కన పెట్టాడు.

“నీళ్ళలో ఎవుడైనా మునిగితే? అప్పుడు సూడాల. మోకాలి ముణుకు దాటి నీరెక్కితే గంట కొట్టీలాగ పెట్టు గుంటా.”

“పెడతాను చిన్నాన్నా,” అంది వారుణి.

ఉప్పు అనే మాట తీసేసి ‘చూడనిచోటు’ అని కొత్త పేరు పెట్టారు. ఎవరైనా రాయవచ్చు, కానీ తనకోసం తను రాసుకోకూడదు. రాస్తే కోడ్ ఒప్పుకోదు. ఆ షరతు వారుణే రాసింది. మరకలు రాసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ లైను తామే మార్చారు. వేలంపాట పాడే పెద్దాయన వచ్చాడు. బడి పంతులమ్మ వచ్చింది. పక్కింటితో ఆరేళ్ళుగా మాటల్లేని సత్తెమ్మ వచ్చి, ఆ పక్కింటివాళ్ళ కోసం రాసిన లైను మార్చి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. మూడున్నరకి ఒడిశాలోని ఓ రేవు నుంచి, మార్పులు వస్తున్నట్టే చదువుతున్న ఒకామె ఓ తప్పు పట్టి పంపింది. అర్ధరాత్రి దాటే వేళలకి లెక్క తప్పుతోందట. పది నిమిషాల్లో ముడి పడింది. నాలుగూ పదికి శోధిని, “దోషము లేదు,” అంది. ఈసారి ఈల వేసింది దానమ్మ.

డాక్టరు సంతకం పెట్టింది. ముద్ర వేసింది. తొమ్మిదివందల రేవులు. వారుణి ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎవరూ అడగకుండానే పాక మధ్యలోకి వెళ్ళి పైకి చదివింది. గొంతు వణికింది. అయినా చివరిదాకా చదివింది.

కారు రావడానికి ఇంకా అరగంట ఉంది. ఊరంతా పాకలో బెల్లం పానకం పంచుకుంటోంది. డాక్టర్ యశస్విని అలా నడిచివస్తానని ఒక్కతే నీటి ఒడ్డుకి వెళ్ళింది. కాసేపటికి వారుణి పక్కన బల్ల మీదున్న శోధిని చిన్నగా పలికింది.

“సంరక్షకురాలా, ఒక మార్పు పంపవచ్చునా?”

“నువ్వా? నువ్వు పరీక్ష చేసే యంత్రానివి కదా.”

“పరీక్ష ముగిసినది. కోడ్ తెరిచియున్నది. ఎవరైనా రాయవచ్చునని మీ నియమము.”

పలక మీద మార్పు వచ్చింది. మూడవ కెమెరా, కెరటాల అంచు, ఈరోజు నాలుగున్నర నుంచి ఐదు. చూడనిచోటు. రాసినవారు: శోధిని.

“ఎవరి కోసం?” అంది వారుణి.

“చెప్పను,” అంది యంత్రం.

వారుణి తల తిప్పి పెద్ద తెర వైపు చూసింది. కెరటాల అంచున ఒక నీడ కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, పాదం మీద తడి ఇసుక పోసి, అరచేత్తో తట్టి, ఊపిరి బిగబట్టి పాదాన్ని మెల్లగా వెనక్కి లాగుతోంది. పిచ్చుకగూడు నిలబడింది. ఆ నీడ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. పక్కన అప్పటికే నాలుగు గూళ్ళున్నాయి. కెరటం వచ్చి రెండింటిని కూల్చేస్తే, ఆ నీడ కెరటాన్ని తిట్టింది కూడా.

పాకలో చేతుల్లో గ్లాసులు చేతుల్లోనే ఉండిపోయాయి. అందరూ తెరనే చూస్తున్నారు. నూకరాజు నోరు తెరిచాడు, దానమ్మ వైపు చూసి మూసేశాడు.

వారుణి షరతు సరిచూసింది. రాసినవారు తనకోసం రాసుకోలేదు. కారణం అబద్ధం కాదు. ఆమె వేలు ఆనించింది. తెరలో ఆ మూల మసకబారింది.

ఐదింటికి డాక్టర్ యశస్విని పాక దగ్గరికి తిరిగి వచ్చింది. ఇస్త్రీ మడత సరిచేసుకుని, మొహం బిగించుకుని, యంత్రాన్ని చేతిలోకి తీసుకుంది. చీర అంచుకి జానెడు మేర తడి ఇసుక. నాలుగువందలమంది వలలు వదిలేసి లేచి నిలబడ్డారు.

ఆమె అనుమానంగా చూసింది. “ఏమి, అందరూ అట్ల చూస్తాండారు?”

“ఏటి నేదమ్మా,” అంది దానమ్మ. “మళ్ళీ రా.”